మంచు లోయకు రైల్లో: తీరప్రాంతం వారికి ఒక ప్రయాణ పాఠం

విశాఖపట్నంలో రైలెక్కి, పట్టాల మీదే కాశ్మీర్ లోయలోని బారాముల్లా దాకా ఇప్పుడు వెళ్లొచ్చు. 2025 జూన్ 6న కట్రా–శ్రీనగర్ మధ్య రైలు మొదలవడంతో ఇది సాధ్యమైంది. అంతకుముందూ లోయలో రైళ్లు తిరిగేవి కానీ, దేశంలోని మిగతా పట్టాలతో వాటికి సంబంధం ఉండేది కాదు. ఉధంపూర్ నుంచి బారాముల్లా వరకు 272 కిలోమీటర్ల ఈ మార్గం శీతాకాలంలో మంచు పరుచుకున్న కొండల మధ్య నుంచి, పొలాల మధ్య నుంచి సాగుతుంది. పద్మనాభం, భీమిలి, విజయనగరం పరిసరాల్లో పుట్టి పెరిగి, మంచును సినిమాల్లో తప్ప చూడనివారికి ఇంతకన్నా మంచి అవకాశం మన దేశంలో మరొకటి లేదు.

మరి చాలామంది ఎందుకు వెనకాడతారు? రెండు భయాలు. చలికి తట్టుకోగలమా అన్నది మొదటిది. దారిలో రైలు ఆగిపోతే గతేమిటన్నది రెండోది. జనవరిలో కూడా విశాఖ నగరంలో రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 17, 18 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. శ్రీనగర్‌లో అదే నెలలో రాత్రిళ్లు సున్నాకు నాలుగైదు డిగ్రీలు దిగువకు పోవడం మామూలే. అంత తేడా భయపెట్టడం సహజం. అయితే చలికి మందు బట్టల దుకాణంలో దొరుకుతుంది. ఆలస్యానికి దొరకదు. శీతాకాలపు రైలు ప్రయాణాలను పాడుచేసేది ఎక్కువగా ఆలస్యమే. చేతిలో ఖాళీ రోజు ఉంచుకున్నవారికి ఆ ఆలస్యం విశ్రాంతి అవుతుంది. ఉంచుకోనివారికి నష్టం అవుతుంది. ఈ అధ్యాయంలోని సూచనలన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేవే.

దారి ఎలా ఉంటుంది?

ఈ ప్రయాణం నాలుగు భాగాలు. మొదటిది విశాఖ నుంచి ఢిల్లీ. ఏపీ ఎక్స్‌ప్రెస్ విజయవాడ మీదుగా న్యూఢిల్లీకి వెళ్తుంది. సమతా ఎక్స్‌ప్రెస్ విజయనగరం, రాయగడ, రాయ్‌పూర్ మీదుగా హజ్రత్ నిజాముద్దీన్ చేరుతుంది. పద్మనాభం వారికి విజయనగరం స్టేషన్ దగ్గర కాబట్టి సమతా అనుకూలం. కాకపోతే అది అన్ని రోజులూ నడవదు. ఏ రైలైనా ఒకటిన్నర రోజు ప్రయాణం.

రెండో భాగం ఢిల్లీ నుంచి కట్రా. వైష్ణోదేవి యాత్రికుల స్టేషన్ ఇదే. పగలు వందే భారత్‌లో సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. రాత్రి రైళ్లూ ఉన్నాయి. మూడో భాగం కట్రా నుంచి శ్రీనగర్. వందే భారత్‌లో సుమారు మూడు గంటలు. నాలుగోది బనిహాల్ నుంచి లోయలోని బారాముల్లా దాకా అన్ని స్టేషన్లలో ఆగుతూ పోయే లోకల్ రైలు. అసలైన మంచు దృశ్యం ఈ నాలుగో భాగంలోనే ఉంది. చాలామంది వదిలేసేదీ దీన్నే.

రైళ్ల వేళలు, బయలుదేరే స్టేషన్లు మారుతుంటాయి. టికెట్ తీసే రోజున ఒకసారి, బయలుదేరే ముందు రోజు ఇంకోసారి చూసుకోవడం తప్పనిసరి.

అంచెలంచెలుగా సన్నాహం

1. నెలను జాగ్రత్తగా ఎంచుకోవాలి.
ఎప్పుడు వెళ్తే మంచు కనిపిస్తుంది? కాశ్మీరీలు శీతాకాలాన్ని మూడు భాగాలుగా లెక్కిస్తారు. డిసెంబరు 21న మొదలై జనవరి నెలాఖరు దాకా సాగే 40 రోజులు ‘చిల్లై కలాన్’. చలి ముదిరేది, మంచు ఎక్కువగా పడేది అప్పుడే. ఆ తర్వాత 20 రోజులు ‘చిల్లై ఖుర్ద్’, చివరి 10 రోజులు ‘చిల్లై బచ్చా’. జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం మధ్యలో వెళ్లేవారికి లోయ తెల్లగా కనిపించే అవకాశం ఎక్కువ. సంక్రాంతి పండగ ఇంట్లో చేసుకుని బయలుదేరితే సరిగ్గా ఆ రోజులు కలిసొస్తాయి. అయినా మంచు హామీ ఇచ్చి కురిసేది కాదు. కొన్నేళ్లు చిల్లై కలాన్ సగం దాటినా శ్రీనగర్‌లో మంచు పడదు. లోయలో ఒకటి రెండు రోజులు ఎక్కువ ఉండేలా చూసుకోవడమే దీనికి విరుగుడు.

2. టికెట్ల కన్నా ముందు ఖాళీ రోజులు రాసుకోవాలి.
డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తరాది మైదానాల మీద దట్టమైన పొగమంచు కమ్ముకుంటుంది. సిగ్నల్ కనిపించక డ్రైవర్లు వేగం తగ్గిస్తారు. ఒక రైలు నెమ్మదిస్తే వెనకాల రైళ్లన్నీ నెమ్మదిస్తాయి. ఢిల్లీ చేరే రైళ్లు నాలుగైదు గంటలు ఆలస్యం కావడం ఆ నెలల్లో వింత కాదు. ఒక్కోసారి ఇంకా ఎక్కువే అవుతుంది.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, నాయనమ్మ. ఉదయం పదింటికి ఢిల్లీ చేరాల్సిన రైలును నమ్ముకుని, మధ్యాహ్నం మూడింటికి కట్రా రైలుకు టికెట్లు తీశారు. ఐదు గంటల వ్యవధి కదా, చాలదా? ఆగ్రా దాటగానే రైలు నత్తనడక పట్టింది. ఢిల్లీ చేరేసరికి సాయంత్రం ఆరు. కట్రా రైలు పోయింది, మర్నాటి శ్రీనగర్ టికెట్లూ పోయాయి, అక్కడ హోటల్‌కు కట్టిన అడ్వాన్సూ పోయింది. ఇదే కుటుంబం ఢిల్లీలో ఒక రాత్రి బస పెట్టుకుని ఉంటే? ఆరింటికి దిగి, గదికి పోయి, వేడివేడిగా తిని పడుకునేవారు. నాయనమ్మకు నడుము వాల్చే వీలు దొరికేది. మర్నాడు హాయిగా రైలెక్కేవారు.

వెళ్లేటప్పుడు ఢిల్లీలో ఒక రాత్రి, లోయలో ఒక అదనపు రోజు, వచ్చేటప్పుడు మళ్లీ ఢిల్లీలో ఒక పూట. ఈ మూడూ రాసుకున్నాకే మిగతా తేదీలు వెయ్యాలి.

3. టికెట్ నిబంధనలను తమకు అనుకూలంగా వాడుకోవాలి.
2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ప్రయాణం రోజును లెక్కలోకి తీసుకోకుండా. అంటే జనవరి 20 ప్రయాణానికి నవంబరు 21న బుకింగ్ మొదలవుతుంది. క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీసి పెట్టుకోవడం మంచిది. ఐఆర్‌సీటీసీలో ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కేవారు రెండు పీఎన్‌ఆర్‌లను జత చేసుకునే సదుపాయం ఉంది. మొదటి రైలు ఆలస్యమై రెండోది అందకపోతే, రెండో టికెట్ డబ్బు నిబంధనల మేరకు తిరిగి అడగొచ్చు. ఇందుకు రెండు టికెట్లలోనూ ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. ఎక్కాల్సిన రైలే మూడు గంటలకు మించి ఆలస్యమై, ప్రయాణం మానుకోవాలనుకుంటే, ఆ రైలు బయలుదేరే లోపు, డబ్బు వాపసు కోరే టీడీఆర్ దాఖలు చేయాలి. అలా చేస్తే పూర్తి చార్జీ వెనక్కి వస్తుంది. ఈ రెండు నిబంధనలూ తెలియకే చాలామంది డబ్బు వదులుకుంటున్నారు.

4. మంచు దారిలో పగలే ప్రయాణించాలి, నెమ్మది రైలే ఎక్కాలి.
కట్రా–బనిహాల్ మధ్య దారి 111 కిలోమీటర్లు. అందులో అత్యధిక భాగం సొరంగాలే. ఖరీ–సుంబర్ మధ్య ఉన్న టీ-50 సొరంగం ఒక్కటే పన్నెండున్నర కిలోమీటర్లకు పైగా ఉంటుంది. సొరంగాల మధ్య వెలుతురు వచ్చే కొద్ది క్షణాల్లో అంజీ ఖడ్ తీగల వంతెన, ఆ తర్వాత చీనాబ్ వంతెన వస్తాయి. నదికి 359 మీటర్ల ఎత్తున ఉన్న చీనాబ్ వంతెన పొడవు 1,315 మీటర్లు. కిటికీ వైపు చూస్తూ సిద్ధంగా ఉండనివారికి అది ఇట్టే దాటిపోతుంది.

బనిహాల్ దాటాక పీర్ పంజాల్ పర్వతాల కింద 11 కిలోమీటర్లకు పైబడిన సొరంగం మొదలవుతుంది. రైలు పది నిమిషాల లోపే దాన్ని దాటి ఖాజీగుండ్ వైపు బయటపడుతుంది. మంచు పడిన మర్నాడు ఆ బయటపడే క్షణం కోసమే ఈ ప్రయాణమంతా చేయొచ్చు. చీకట్లోంచి ఒక్కసారిగా కళ్లు చికిలించేంత తెలుపు. ఆకురాలిన పాప్లర్ చెట్లు వరసగా నిలబడి ఉంటాయి. ఏటవాలు రేకుల కప్పుల మీద జానెడు మంచు, అంచుల నుంచి వేలాడే గాజుకడ్డీల్లాంటి మంచుముక్కలు కనిపిస్తాయి. ఆపిల్ తోటల్లో కొమ్మలు మాత్రమే నల్లగా తేలుతుంటాయి. చిన్న స్టేషన్లలో మనుషులు ‘ఫెరన్’ అనే పొడవాటి వదులు అంగీ తొడుక్కుని, దాని లోపల పొట్ట దగ్గర కాంగ్రీ పట్టుకుని నిలబడతారు. కాంగ్రీ అంటే వెదురులాంటి సన్నని కొమ్మలతో అల్లిన బుట్టలో ఇమిడే మట్టి కుంపటి.

వందే భారత్ ఈ భాగాన్ని వేగంగా దాటేస్తుంది. అందుకే శ్రీనగర్ చేరిన మర్నాడో, ఆ మర్నాడో ఒక పగలంతా లోకల్ రైలుకు కేటాయించాలి. బనిహాల్ నుంచి బారాముల్లాకు దాదాపు 136 కిలోమీటర్లు. అనంతనాగ్, బిజ్‌బెహరా, అవంతీపురా, పాంపోర్, శ్రీనగర్, బడ్గామ్, సోపోర్ అన్నీ దారిలో వస్తాయి. పాంపోర్ కుంకుమపువ్వు పండే నేల. పూత అక్టోబరు, నవంబరుల్లోనే అయిపోతుంది కాబట్టి శీతాకాలంలో ఆ పొలాలు మంచు కింద నిద్రపోతుంటాయి. బనిహాల్–బడ్గామ్ మధ్య 2023 అక్టోబరు నుంచి అద్దాల విస్టాడోమ్ బోగీని కూడా నడపడం మొదలుపెట్టారు. జనవరిలో శ్రీనగర్‌లో ఏడున్నర దాకా సూర్యుడు రాడు, ఐదున్నర దాటగానే చీకటి పడుతుంది. కాబట్టి లోకల్ రైలు ప్రయాణం ఉదయం తొమ్మిది, మధ్యాహ్నం మూడింటి మధ్యలో ముగిసేలా చూసుకోవాలి.

5. ముందుగా అరకు రైల్లో సాధన చేయాలి.
ఇంత దూరం వెళ్లి, తెచ్చుకున్న స్వెట్టర్ చాలదని తెలిస్తే? ఆ పరీక్షకు ఇంటి దగ్గరే మంచి చోటు ఉంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు తెచ్చేందుకు 1960లలో వేసిన, అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ మార్గం అది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, పద్మనాభం మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ నది పుట్టుక చోటు దాకా ఈ రైలు ఎక్కుతుంది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషన్‌ను దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో కెల్లా ఎత్తయినదిగా చాలాకాలం చెప్పుకున్నారు. కాశ్మీర్ మార్గం వచ్చాక ఆ మాట మారింది. బనిహాల్, ఖాజీగుండ్ స్టేషన్లు 1,700 మీటర్లకు పైన ఉన్నాయి.

డిసెంబరు, జనవరి నెలల్లో అరకులో తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంది. కొన్న బట్టలన్నీ వేసుకుని, ఒక రాత్రి అక్కడ ఉండి, ఆరింటికి బయట అరగంట నడిచి చూడాలి. వేళ్లు కొంకర్లు పోతే గ్లౌజులు చాలవని అర్థం. బూటు కరిస్తే అక్కడే తెలుస్తుంది. సొరంగాల్లో పిల్లలు భయపడతారా, పెద్దవాళ్లకు కొండ మలుపుల్లో కళ్లు తిరుగుతాయా అన్నదీ తేలిపోతుంది. రెండు రోజుల ఈ సాధనతో సగం భయం పోతుంది.

6. ఒక్క మందపాటి కోటు కన్నా మూడు పొరలు మేలు.
ఒంటికి అంటుకునే పొర థర్మల్ బనియన్, థర్మల్ ప్యాంటు. రెండోది ఉన్ని స్వెట్టర్ లేదా ఫ్లీస్. మూడోది గాలి, తడి చొరబడని జాకెట్. పొరకూ పొరకూ మధ్య నిలిచే గాలే వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. నూలు బట్టలకు తడి తగిలితే త్వరగా ఆరవు. మంచులో తడిసిన జీన్స్ కన్నా ఇబ్బంది పెట్టేది మరొకటి ఉండదు. చీర తప్ప కట్టనివారు లోపల థర్మల్ ప్యాంటు వేసుకుని, పైన పొడవాటి ఉన్ని కోటు, శాలువా కప్పుకోవచ్చు. అయితే మంచులో నడిచే రోజున కుచ్చిళ్లు తడవకుండా చుడీదార్ అయితే సుఖం.

త్వరగా చల్లబడేది, నొప్పి పుట్టేది చెవులు, వేళ్లు, పాదాల దగ్గరే. చెవులు కప్పే ఉన్ని టోపీ, రెండు జతల గ్లౌజులు, నాలుగు జతల ఉన్ని మేజోళ్లు అవసరం. బూట్లు నీరు దిగనివి, అడుగున లోతైన గాడులున్నవి కావాలి. మందపాటి మేజోడు వేసుకుని బూటు సైజు చూసుకోవాలి. బిగుతు బూటులో రక్తం సరిగా ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది.

7. రైలు లోపలి వేడినీ ప్లాట్‌ఫాం చలినీ వేరుగా చూడాలి.
కాశ్మీర్ మార్గంలో నడిచే వందే భారత్ బోగీల్లో హీటర్లు ఉంటాయి. నీళ్ల ట్యాంకులు గడ్డకట్టకుండా, డ్రైవర్ ముందున్న అద్దం మీద మంచు పట్టకుండా కూడా ఏర్పాట్లు చేశారు. అందువల్ల లోపల చలి ఉండదు. చాలామంది అన్ని పొరలూ వేసుకుని కూర్చుని చెమటలు కక్కుతారు. ఆ చెమట తడితోనే ప్లాట్‌ఫాం మీద దిగుతారు. వణుకు మొదలయ్యేది అక్కడే. ఎక్కగానే పై రెండు పొరలూ తీసేయాలి. దిగడానికి పది నిమిషాల ముందు మేజోళ్లతో మొదలుపెట్టి అన్నీ వేసుకోవాలి. పిల్లలకు ముందు వేసి, తర్వాత పెద్దలు వేసుకోవాలి.

8. తిండి, నీళ్లు, మందులు చేతి సంచిలోనే ఉండాలి.
మొదటి రోజుకు పులిహోర, ఆ తర్వాతకు జంతికలు, సున్నుండలు, మాడుగుల హల్వా, వేయించిన వేరుశనగ. ఆవకాయ తీసుకెళ్లేవారు మూత బిగించి రెండు కవర్లలో పెట్టాలి. లోయలో రోజూ తినేది అన్నమే కాబట్టి తెలుగువారికి అక్కడ తిండికి లోటుండదు. హాక్ అనే ఆకుకూర, రాజ్మా, పెరుగు శాకాహారులకు దొరుకుతాయి. కుంకుమపువ్వు, యాలకులు వేసి కాచే కహ్వా ఒళ్లు వెచ్చబరుస్తుంది.

చలిలో దాహం అంతగా వెయ్యదు. అందువల్ల నీళ్లు తాగడం మరచిపోయి తలనొప్పి తెచ్చుకునేవారు ఎక్కువ. ఒక లీటరు ఫ్లాస్కులో వేడినీళ్లు పోయించుకుని గంటకోసారి కాస్త తాగాలి. కొబ్బరి నూనె సీసాలో గడ్డకట్టుకుపోతుంది. ఒంటికి, పెదవులకు వాజలిన్ తీసుకెళ్లాలి. బీపీ, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు నెల ముందే డాక్టరును కలిసి చలిలో వెళ్లవచ్చో లేదో అడగాలి. పదిహేను రోజులకు సరిపడా మందులు చేతి సంచిలో ఉంచుకోవాలి, సీటు కింద పెట్టెలో కాదు.

9. ఫోను, గుర్తింపు కార్డు, భద్రతా తనిఖీ విషయంలో ముందే సిద్ధపడాలి.
బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్ముకాశ్మీర్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ అయితే పనిచేస్తుంది. ఇంట్లో కనీసం ఒకరి నంబరును ముందుగానే పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోవాలి. ఇప్పటి నిబంధన ఏమిటో ఫోన్ కంపెనీని అడిగి నిర్ధారించుకోవాలి. హోటల్ చిరునామా, టికెట్లు, ఇంటి నంబర్లు కాగితం మీద కూడా రాసి ఉంచుకోవాలి.

కట్రా, శ్రీనగర్ స్టేషన్లలో సామాన్ల తనిఖీ గట్టిగా ఉంటుంది. రైలు వేళకు గంటన్నర ముందు చేరితే కంగారుండదు. గ్యాస్ సిలిండరు, కిరోసిన్ స్టవ్వు వంటివి ఏ రైల్లోనూ తీసుకెళ్లకూడదు. భద్రతా సిబ్బందిని, వారి స్థావరాలను ఫొటోలు తీయకూడదు. బయలుదేరే వారంలో అక్కడి పరిస్థితిపై ప్రభుత్వ సూచనలను చూసుకోవాలి. వెళ్లొద్దని చెబితే ప్రయాణం వాయిదా వేసుకోవడమే వివేకం.

10. మంచు మీద నడకనూ గదిలో నిప్పునూ తేలిగ్గా తీసుకోకూడదు.
కొత్తగా పడిన మంచు మెత్తగా ఉంటుంది. తొక్కిడికి గట్టిపడి, రాత్రికి గడ్డకట్టిన మంచే జారుతుంది. అడుగులు చిన్నవిగా వేయాలి. పాదమంతా ఒకేసారి ఆనించాలి. చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచేవారు పడితే ఆపుకోలేరు. పెద్దవయసు వారికి చేతికర్ర, పక్కన ఒక మనిషి ఉండాలి.

గదిలో బొగ్గు కుంపటి గానీ, గ్యాస్ హీటర్ గానీ వెలిగించి, తలుపులన్నీ బిగించుకుని నిద్రపోవడం ప్రాణాంతకం. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి లేవకుండానే పోతాడు. పడుకునే ముందు నిప్పు బయట పెట్టించాలి. కరెంటు దుప్పటి, వేడినీళ్ల సంచి క్షేమం. హోటల్ తీసుకునేటప్పుడే వేడి ఏర్పాటు ఏమిటని అడగాలి.

11. రైలు ఆగిపోతే ఏం చేయాలో ముందే అనుకోవాలి.
భారీగా మంచు పడితే పట్టాలు శుభ్రం చేసేదాకా రైళ్లను ఆపుతారు. జాతీయ రహదారి కూడా కొండచరియలు విరిగిపడి మూతపడవచ్చు. అప్పుడు హడావిడిగా టాక్సీ మాట్లాడుకుని కొండదారి పట్టడం చాలా ప్రమాదం. రైల్లో ఉంటే రైల్లోనే, గదిలో ఉంటే గదిలోనే ఉండటం మేలు. 139 నంబరుకు ఫోన్ చేసి రైలు వివరం తెలుసుకోవాలి. సంచిలో రెండు పూటల తిండి, ఛార్జ్ అయిన పవర్ బ్యాంక్, పిల్లలకు ఒక ఆటో, పుస్తకమో ఉండాలి. ముందే రాసుకున్న ఖాళీ రోజు అక్కరకొచ్చేది ఇక్కడే.

తేదీలు ఎలా వేసుకోవాలి?

కింది నమూనాను ఎవరి సెలవుకు తగ్గట్టు వారు మార్చుకోవచ్చు.

1వ రోజు: విశాఖలో లేదా విజయనగరంలో రైలెక్కడం.
3వ రోజు: ఢిల్లీ చేరడం, రాత్రి బస.
4వ రోజు: ఢిల్లీ నుంచి కట్రా, రాత్రి బస.
5వ రోజు: కట్రా నుంచి శ్రీనగర్.
6వ రోజు: విశ్రాంతి, దాల్ సరస్సు, చలికి అలవాటు పడటం.
7వ రోజు: పగలు లోయలో లోకల్ రైలు ప్రయాణం.
8వ రోజు: ఖాళీ రోజు. 7వ రోజున మంచు లేకపోతే రైలు ప్రయాణం ఈ రోజుకు మార్చుకోవడం.
9వ రోజు: శ్రీనగర్ నుంచి కట్రా.
10వ రోజు: కట్రా నుంచి ఢిల్లీ.
11వ రోజు: ఢిల్లీలో విశ్రాంతి, తిరుగు రైలు.
13వ రోజు: ఇల్లు.

అంత సెలవు దొరకదా? వెళ్లేటప్పుడు రైల్లో వెళ్లి, వచ్చేటప్పుడు శ్రీనగర్ నుంచి విమానంలో రావచ్చు. తగ్గించాల్సింది తిరుగు ప్రయాణాన్నే. ఢిల్లీ బసను, 8వ రోజును తగ్గించకూడదు.

తరచుగా జరిగే పొరపాట్లు

1. వందే భారత్‌లో వెళ్లి వందే భారత్‌లో వచ్చేయడం. సొరంగాలు చూసినంతగా మంచు చూడకుండానే తిరిగొస్తారు.

2. కిటికీ అద్దం మీద పట్టిన తేమను చేత్తో తుడవడం. మరకలు పడి ఫొటోలన్నీ మసకబారతాయి. ఒక మెత్తటి నూలు గుడ్డ జేబులో ఉండాలి. ఫ్లాష్ ఆపేసి, ఫోనును అద్దానికి ఆనించి తీస్తే ప్రతిబింబం పడదు.

3. ఫోను బయటి జేబులో పెట్టుకోవడం. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. లోపలి జేబులో ఒంటి వేడికి దగ్గరగా ఉంచాలి.

4. మంచు మీద ఎండను లెక్కచేయకపోవడం. తెల్లని నేల మీద నుంచి వెలుతురు ఎగదన్ని కళ్లు మండుతాయి, ముఖం కమిలిపోతుంది. నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ అవసరం.

5. తెల్లవారుజామున తలస్నానం. అలవాటు ఎంత గట్టిదైనా, చిల్లై కలాన్‌లో గొట్టాల్లో నీళ్లే గడ్డకడతాయి. స్నానం మధ్యాహ్నానికి మార్చుకుని, జుట్టు పూర్తిగా ఆరాకే బయటికి రావాలి.

కాశ్మీర్ దాకా వీలుకానివారికి, విదేశాల్లో ఉన్నవారికి

తక్కువ రోజులున్నవారికి కల్కా–సిమ్లా చిన్న రైలు ఉంది. 1903 నవంబరు 9న మొదలైన ఈ 96 కిలోమీటర్ల మార్గాన్ని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. వందకు పైగా సొరంగాల్లో దూరుతూ ఐదు గంటలకు పైగా నెమ్మదిగా కొండెక్కుతుంది. సిమ్లాలో మంచు కాశ్మీర్ కన్నా తక్కువ రోజులు నిలుస్తుంది. కాబట్టి వాతావరణ సూచన చూసుకుని జనవరిలోనో, ఫిబ్రవరి మొదట్లోనో వెళ్లాలి.

అమెరికా, కెనడా, యూరప్‌లలో స్థిరపడిన పిల్లల దగ్గరికి శీతాకాలంలో వెళ్లే తల్లిదండ్రులకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. అలాస్కాలో యాంకరేజ్–ఫెయిర్‌బ్యాంక్స్ మధ్య శీతాకాలంలో నడిచే అరోరా రైలు జనసంచారం లేని మంచు అడవుల్లో సుమారు పన్నెండు గంటలు ప్రయాణిస్తుంది. టొరంటో–వాంకూవర్ మధ్య ‘ది కెనడియన్’ 4,466 కిలోమీటర్లకు నాలుగు రాత్రులు తీసుకుంటుంది. దారిలో గూడ్స్ రైళ్లకు తప్పుకుంటూ తరచూ ఆలస్యమవుతుంది కూడా. నార్వేలో ఓస్లో–బెర్గెన్ రైలు 1,222 మీటర్ల ఎత్తున ఉన్న ఫిన్సే స్టేషన్ మీదుగా మంచు పీఠభూమిని ఒక్క పగటిలో దాటిస్తుంది. పెద్దవయసు వారికి అది సులువు. ఏ దేశంలోనైనా రైలు దిగిన రోజే తిరుగు విమానం పెట్టుకోకూడదు. మధ్యలో ఒక రాత్రి ఉండి తీరాలి.

బయలుదేరే ముందు రోజు సరిచూసుకోవలసినవి

1. రైలు వేళ, బయలుదేరే స్టేషన్ మళ్లీ చూశారా?
2. ఢిల్లీ బస, లోయలో ఖాళీ రోజు ఖరారయ్యాయా?
3. ప్రతి ఒక్కరికీ మూడు పొరలు, టోపీ, గ్లౌజులు, నీరు దిగని బూట్లు ఉన్నాయా?
4. మందులు, ఫ్లాస్కు, రెండు పూటల తిండి చేతి సంచిలో ఉన్నాయా?
5. పోస్ట్‌పెయిడ్ ఫోను, అసలు ఆధార్ కార్డులు, కాగితం మీద రాసిన నంబర్లు ఉన్నాయా?
6. హోటల్‌లో నిప్పు లేని వేడి ఏర్పాటు ఉందని అడిగి తెలుసుకున్నారా?

ఈ ఆరింటికీ అవును అని చెప్పగలిగిన కుటుంబం, ఇంట్లో డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఉన్నా, ఆరేళ్ల పిల్లాడు ఉన్నా, ధైర్యంగా బయలుదేరవచ్చు. ఏ ఒక్కదానికి కాదన్న జవాబు వచ్చినా, అది సరిచేసుకున్నాకే పెట్టె మూయాలి.